పదిహేడో ఎక్కం వచ్చినంత దూరం

(తార్నాకలో ఒక కాలనీ కమ్యూనిటీ హాల్లో, ఆదివారం వాకింగ్ తర్వాత ఒక రిటైర్డ్ లెక్కల టీచర్ మాట్లాడిన మాటలు. ఫోన్ రికార్డింగ్ విని రాసింది.)

అందరూ కూర్చున్నారా? వెనకాల ఫ్యాన్ కింద ఉన్నవాళ్ళకి వినపడుతోందా? మైక్ గరగరమంటోంది గానీ పర్వాలేదు, ముప్పై రెండేళ్ళు గవర్నమెంట్ స్కూల్లో లెక్కలు చెప్పిన గొంతు ఇది, మైక్ లేకపోయినా చివరి బెంచీ దాకా వెళ్తుంది.

ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాను. నేను డాక్టర్ని కాదు. నాకు మూడేళ్ళ కింద బైపాస్ అయింది, మూడు గ్రాఫ్ట్‌లు వేశారు, మళ్ళీ గుట్టలెక్కుతున్నాను. అంతే నా అర్హత. నా మందులు నావి, మీ మందులు మీవి. నా కథ విని రేపు పొద్దున్నే ఎవరైనా మౌలాలి గుట్ట మీదకి పరిగెత్తితే మాత్రం నా పేరు చెప్పకండి.

చాలామందికి తెలీదు గానీ, ఆపరేషన్‌కి ముందు నేను బాగానే ఎక్కేదాన్ని. మా స్కూల్ పిల్లల్ని ఏటా భువనగిరి కోటకి తీసుకెళ్ళేదాన్ని. సికింద్రాబాద్‌లో రైలెక్కితే గంటలో దిగుతాం కదా. ఒకే రాయి, మొత్తం గుట్ట ఒకే రాయి, దూరం నుంచి చూస్తే గుడ్డు బోర్లించినట్టు ఉంటుంది. చాళుక్యుల కాలంలో త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు కట్టించిన కోట, ఆయన పేరు మీదే త్రిభువనగిరి అయ్యి, అదే నలిగి నలిగి భువనగిరి అయింది, మనం భోంగిర్ అంటున్నాం. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, పదమూడేళ్ళ పిల్ల, ఆ పిల్ల కూడా రాయి పట్టుకోవడం నేర్చుకుంది ఈ గుట్ట మీదే. మా పిల్లలకి అది చెప్పి రెచ్చగొట్టి పైకి లాక్కెళ్ళేదాన్ని. నాకు అలుపు అంటే తెలీదు అనుకునేదాన్ని.

తర్వాత స్కూల్లో రెండో అంతస్తుకి నోట్‌బుక్కుల కట్ట పట్టుకుని ఎక్కుతుంటే దవడ లాగడం మొదలైంది. ఛాతీలో నొప్పి లేదు, చెయ్యి లాగలేదు, సినిమాల్లో చూపించినట్టు ఏమీ లేదు. దవడ, రెండు భుజాల మధ్య వీపు, ఒకటే నీరసం. మెట్లు దిగాక పోయేది. ఒక క్లినిక్‌లో గ్యాస్ అన్నారు, మాత్రలిచ్చారు. ఈసీజీ తీశారు, నార్మల్. పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్‌గా ఉండొచ్చు, గుండెకి పని చెప్పినప్పుడే బండారం బయటపడుతుంది అని నాకు అప్పుడు తెలీదు. ఆడవాళ్ళకి, అందులో నాలాగ షుగర్ ఉన్నవాళ్ళకి, ఇట్లా దొంగలా వస్తుందట. నాలుగు నెలలు గ్యాస్ మాత్రలు మింగాను. అక్కలందరికీ చెప్తున్నా, మెట్లెక్కితే వచ్చి ఆగితే పోయే నొప్పి ఎక్కడొచ్చినా సరే, అది గ్యాస్ అని మీరే తేల్చుకోకండి.

సరే, ఆంజియోగ్రామ్‌లో మూడు బ్లాకులు. బైపాస్ అంటే చాలామంది బ్లాకులు తీసేస్తారు అనుకుంటారు. తియ్యరు. మన తార్నాక జంక్షన్ చూడండి. కింద ట్రాఫిక్ జామ్ అట్లాగే ఉంటుంది, పైనుంచి ఫ్లైఓవర్ వేశారు. అంతే. ఛాతీ లోపలి గోడకి ఉండే ధమని ఒకటి, కాలి నుంచి తీసిన సిర ముక్కలు రెండు, వీటితో నాకు ఫ్లైఓవర్లు వేశారు. జామ్ ఎందుకైందో ఆ కారణం ఒంట్లోనే ఉంది, అందుకే మాత్రలు జీవితాంతం. గుండె బాగయింది కదా అని ఆర్నెల్లకి మాత్రలు మానేసినవాళ్ళు ఈ హాల్లో కూడా ఉన్నారు, పేర్లు చెప్పను, మీ మొహాలు నాకు కనపడుతున్నాయి.

(నవ్వులు)

దీనికోసం రొమ్ము ఎముకని నిలువునా కోస్తారు. మళ్ళీ స్టీలు తీగలతో కుట్టేస్తారు. ఆ తీగలు లోపలే ఉంటాయి, తియ్యరు. ఎముక అతుక్కోడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు, బాగా గట్టిపడడానికి మూడు నెలలు. ఈ మూడు నెలల గురించి హాస్పిటల్‌లో నాకిచ్చిన కాగితంలో ఒకే లైన్ రాశారు, బరువు పనులు చెయ్యరాదు అని. బరువు పని అంటే ఏంటండీ? మగవాళ్ళకి అర్థమయ్యే బరువులు వేరు, గ్యాస్ సిలిండర్, బియ్యం బస్తా. ఆడదానికి? ఐదు లీటర్ల కుక్కర్ నిండా పప్పూ నీళ్ళూ ఉంటే ఐదారు కిలోలు. బకెట్ నీళ్ళు పదిహేను కిలోలు. తడి చీర పిండడం, తీగ మీదకి విసిరెయ్యడం, బిగుసుకుపోయిన బీరువా తలుపు లాగడం, ఇవన్నీ బరువు పనులే, ఎవరూ లెక్కలో వెయ్యరు. నాకు చెప్పిన హద్దు నాలుగైదు కిలోలు. ఐదో వారంలో, ఇంట్లో ఎవరూ లేరు, పాలు పొంగిపోతున్నాయని పక్క స్టవ్ మీది కుక్కర్ అటు జరుపుదామని ఎత్తాను. ఛాతీలో టక్కుమంది. నొప్పి కన్నా ఆ చప్పుడు! కుక్కర్ అక్కడే వదిలేసి కింద కూర్చుండిపోయాను. పాలు పొంగి స్టవ్ అంతా పోయాయి, ఆ మాడు వాసన ఇప్పటికీ గుర్తుంది. ఎక్స్‌రే తీస్తే తీగలు బాగానే ఉన్నాయి, అదృష్టం. కానీ అట్లా టక్కుమన్నా, ఎముక కదిలినట్టు అనిపించినా, కుట్టు దగ్గర చీము, జ్వరం ఉన్నా వెంటనే వెళ్ళాల్సిందే, రేపు చూద్దాం అనకూడదు.

ఇంకొకటి, ఇది మగ డాక్టర్లు చెప్పలేదు, ఒక నర్సమ్మ చెవిలో చెప్పింది. ఛాతీ బరువుగా ఉండే ఆడవాళ్ళకి ఆ బరువు రెండు పక్కలకీ లాగి కుట్టు మీద పడుతుంది. ముందు హుక్కులుండే మెత్తటి బ్రా పగలూ రాత్రీ వేసుకోమంది. నలుగురిలో చెప్పే మాటేనా అని అక్కడ ఎవరో తల దించుకుంటున్నారు. ఎవరూ చెప్పకపోవడం వల్లే నేను మూడు వారాలు నిద్ర లేకుండా ఏడ్చాను, కాబట్టి చెప్తున్నా.

దగ్గినా తుమ్మినా దిండుని గుండెకి గట్టిగా హత్తుకోవాలి. ఇది అందరికీ చెప్తారు. మన ఇళ్ళల్లో తుమ్ము ఎప్పుడొస్తుంది? పోపు పెట్టినప్పుడు. ఎండు మిరపకాయ నూనెలో పడితే మా వారు హాల్లోంచి దిండు పట్టుకుని పరిగెత్తుకొచ్చేవారు. ఆటోలో వెళ్ళినా దిండే. హబ్సిగూడ నుంచి ఇక్కడికి వచ్చేలోపు ఎన్ని స్పీడ్ బ్రేకర్లున్నాయో నా ఎముకకి తెలుసు.

నడక హాస్పిటల్‌లోనే మొదలైంది, మూడో రోజు. మంచం నుంచి నర్సుల టేబుల్ దాకా. ఇంటికొచ్చాక ఐదు నిమిషాలు, రోజుకి మూడుసార్లు, రెండు మూడు రోజులకోసారి ఒకటి రెండు నిమిషాలు పెంచడం. అంతే. సిర తీసిన కాలు సాయంత్రానికి వాచేది, కూర్చున్నప్పుడు కాలు ఎత్తు మీద పెట్టుకునేదాన్ని. రోజూ పొద్దున్నే బరువు చూసుకునేదాన్ని, ఎందుకంటే రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు, డాక్టర్‌కి చెప్పాలి. ఆరో వారానికి యూనివర్సిటీలో చదునుగా ఉన్న రోడ్డు మీద అరగంట నడిచాను. ఆర్ట్స్ కాలేజీ దాకా వెళ్ళి, ఆ మెట్ల కింద నిలబడి, పైకి చూసి వెనక్కి వచ్చేశాను. 1939 నుంచి అక్కడే ఉంది ఆ బిల్డింగు, ఇంకో నెల ఆగుతుందిలే అనుకున్నా.

ఒంటి సంగతి ఇట్లా ఉంటే, తలకాయ సంగతి ఎవరూ చెప్పలేదు. కారణం లేకుండా ఏడుపు వచ్చేది. సీరియల్ ప్రకటనలకి ఏడ్చాను, నిజంగా. పిల్లల పేర్లు మర్చిపోయేదాన్ని. గుండె ఆపరేషన్ తర్వాత చాలామందికి కొన్ని వారాలు ఇట్లా ఉంటుందట, తగ్గకపోతే దానికీ డాక్టర్ ఉన్నాడు. మా డాబా మీంచి మౌలాలి గుట్ట కనిపిస్తుంది కదా, సాయంత్రం లైట్లు వెలుగుతాయి. ఆ లైట్లు చూడ్డం మానేశాను. అటువైపు వీపు పెట్టి బట్టలు మడతపెట్టుకునేదాన్ని.

నేను చూసినంతలో ఆపరేషన్ అయినవాళ్ళు రెండు రకాలు. ఒకరు సోఫా వదలరు. గుండె మనిషి, గుండె మనిషి అని ఇంట్లోవాళ్ళు మంచినీళ్ళు కూడా చేతికందిస్తుంటారు, రెండేళ్ళకి నిజంగానే ఏమీ చెయ్యలేని స్థితికి వస్తారు. రెండోవాళ్ళు నాకేం కాలేదు అని చూపించుకోడానికి మూడో నెలలోనే ఏదో ఒకటి ఎక్కేసి ఫోటో పెడతారు. ఇద్దరిదీ భయమే. నేను మొదట మొదటి రకం, తర్వాత రెండో రకం. ఈ రెండూ కాని దారి ఒకటుంది, అది వెనక్కి తిరగడం నేర్చుకోవడం. తార్నాక వాళ్ళకి యూటర్న్ కొత్తా చెప్పండి? ఏళ్ళ తరబడి జంక్షన్ మూసేసి మన చేత యూటర్న్‌లు కొట్టించారు, ఇంటికి పోవాలన్నా యూటర్నే. గుట్ట మీద మాత్రం మనకి చేతకాదు.

(నవ్వులు)

మూడు నెలలకి టీఎంటీ చేశారు, అంటే ట్రెడ్‌మిల్ మీద నడిపిస్తూ ఈసీజీ చూసే పరీక్ష. ఇక్కడ లెక్కల టీచర్‌గా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే బోర్లా పడతారు. ఆ పరీక్షలో మామూలుగా వాడే పద్ధతిలో మూడు నిమిషాలకోసారి వేగమూ వాలూ పెంచుతారు. మొదటి దశ గంటకి 2.7 కిలోమీటర్ల వేగం, 10 శాతం వాలు. రెండోది 4 కిలోమీటర్లు, 12 శాతం. నేను రెండో దశ పూర్తి చేసి దిగాను, ఈసీజీలో ఏ మార్పూ లేదు, కొంచెం ఎత్తు ఉన్న చోట నడవచ్చమ్మా అన్నారు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. ఇంటికొచ్చి లెక్క వేశాను. 10 శాతం వాలు అంటే వంద మీటర్లు ముందుకెళ్తే పది మీటర్లు పైకి. మరి మెట్లు? ఆరంగుళాల ఎత్తు, పన్నెండంగుళాల వెడల్పు ఉన్న మెట్టు తీసుకోండి. ఎంత? యాభై శాతం! ట్రెడ్‌మిల్ మీద నడిచిన వేగంతో మెట్లెక్కితే గుండె మీద ఎన్ని రెట్లు పడుతుందో చూడండి. అంటే ఎక్కకూడదని కాదు, వేగం చచ్చేంత తగ్గించాలి. ఒక మెట్టు, ఒక ఊపిరి. ముసలమ్మ అనుకుంటే అనుకోనివ్వండి.

ఇప్పుడు వాచీ సంగతి. మా అబ్బాయి గుండె వేగం చూపించే వాచీ కొనిచ్చాడు. 220 లోంచి వయసు తీసెయ్, అందులో ఇంత శాతం అని ఏదో చెప్పాడు. అది మనకి పనికిరాదు. బీటా బ్లాకర్ వేసుకునేవాళ్ళకి గుండె వేగం పెరగనివ్వకుండా ఆ మాత్రే పట్టుకుంటుంది. వాచీలో 95 చూపిస్తుంటుంది, మనకేమో ప్రాణం పోతుంటుంది. అందుకని కష్టాన్ని మనమే కొలుచుకోవాలి. గున్నర్ బోర్గ్ అని స్వీడన్ ఆయన 6 నుంచి 20 దాకా ఒక స్కేలు చేశాడు. 6 అంటే ఊరికే కూర్చోవడం, 20 అంటే ఇక నావల్ల కాదు. 6 నుంచే ఎందుకు అంటే, మాత్రలు లేని ఆరోగ్యవంతుడికి ఆ అంకె పక్కన సున్నా పెడితే సుమారుగా గుండె వేగం వస్తుందని. లెక్కలవాళ్ళకి నచ్చే ఐడియా. నన్ను 11 నుంచి 13 మధ్య ఉండమన్నారు, అంటే తేలికకీ కొంచెం కష్టానికీ మధ్య.

కానీ గుట్ట మీద ఆ అంకెలు గుర్తుండవు. నేను ఎక్కం చెప్పుకుంటాను. పదిహేడో ఎక్కం, పైకి వినపడేలా. పదిహేడు ఒకట్ల పదిహేడు, పదిహేడు రెళ్ళు ముప్పై నాలుగు, పదిహేడు మూళ్ళు యాభై ఒకటి... గుక్క తిప్పుకోకుండా ఒక లైను పూర్తిగా చెప్పగలిగితే సరే. ముప్పై... నాలుగు... అని మధ్యలో విరిగితే వేగం ఎక్కువైనట్టే. ఇంకో ఉపయోగం కూడా ఉంది, అంకె తప్పు వస్తోందంటే తల తిరగబోతోందో, షుగర్ పడిపోతోందో. ఒకసారి మౌలాలి మెట్ల మీద పదిహేడు ఆర్లు తొంభై రెండు అన్నాను. ముప్పై రెండేళ్ళలో ఆ తప్పు చెప్పలేదు. అక్కడే కూర్చున్నా. చెమట, వణుకు, గుండె దడ. గుండే అనుకుని మా వారు కంగారుపడ్డారు, మిషన్ పెట్టి చూస్తే షుగర్ 64. పొద్దున షుగర్ మాత్ర వేసుకుని, టిఫిన్ దిగాక తిందాంలే అని ఎక్కాను. నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు తిని, పావుగంట కూర్చుని, దిగిపోయాను. అప్పటినుంచి రెండు ఇడ్లీ తిని గంట ఆగి ఎక్కుతాను. మరీ పూరీలు, దోసెలు లాగించి ఎక్కినా తప్పే, పొట్టకీ కాళ్ళకీ రెంటికీ రక్తం పంపాలంటే గుండెకి కష్టం.

మౌలాలి మొత్తం ఎక్కింది ఆరో నెలలో. మూడో నెలలో పది మెట్లు, దిగడం. మర్నాడు ఒళ్ళెట్లా ఉందో చూసుకుని, వారం తర్వాత ఇరవై. ఎక్కిన రోజు కాదు, మర్నాడు చెప్తుంది ఒళ్ళు అసలు మాట. మర్నాడు మధ్యాహ్నం దాకా లేవలేకపోయానంటే ముందురోజు ఎక్కువ చేశానన్నమాట. తర్వాత గోల్కొండ. అక్కడ ఒక తమాషా జరిగింది. కింద దర్వాజా దగ్గర చప్పట్లు కొడితే పైన బాలా హిస్సార్ దగ్గర వినిపిస్తుంది కదా. మా వారికి మోకాళ్ళు బాలేవు, ఆయన కింద, నేను పైన, చేరాక నువ్వు ఫోన్ చెయ్, నేను మూడు చప్పట్లు కొడతా అన్నారు. 360 మెట్లు, నేను గంటంపావు తీసుకున్నాను. పైన చెవి పెట్టుకుని నిలబడితే ఏముంది, ఆదివారం, కింద రెండు స్కూలు బస్సుల పిల్లలు, అందరూ చప్పట్లే! ఏవి మా వారివో ఆ దేవుడికే తెలియాలి. ఆయనేమో కింద చేతులు కందిపోయేలా కొడుతున్నారట.

(నవ్వులు)

దిగడం గురించి చెప్పి తీరాలి. ఎక్కేటప్పుడు గుండెకి కష్టం, దిగేటప్పుడు తొడలకీ మోకాళ్ళకీ. ఊపిరి హాయిగా ఉంటుంది కాబట్టి మనిషి ధీమాగా దిగుతాడు, కాళ్ళు వణికి పడతాడు. రక్తం గడ్డకట్టకుండా ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వేసుకునేవాళ్ళకి చిన్న దెబ్బకే పెద్దగా కమిలిపోతుంది. గుండె వాల్వ్ మార్పించుకుని, రక్తం పలచబరిచే ఎసిట్రామ్ మాత్ర మీద ఉన్నవాళ్ళు ఇంకా జాగ్రత్త, తలకి దెబ్బ తగిలితే బాగానే ఉన్నా సరే హాస్పిటల్‌కి వెళ్ళాలి. నల్లమల అడవిలో సలేశ్వరం లాంటి చోట ఇంకో చిక్కు, అక్కడ ముందు లోయలోకి దిగుతాం, తర్వాత ఎక్కాలి. దిగినంతసేపూ బాగుంటుంది, తీరా అలిసిపోయాక అసలు పని మొదలు. మొదటి రెండేళ్ళు అలాంటి చోటికి పోవద్దనే నా మాట. ఇక ఎక్కడికెళ్ళినా, పైకి చేరాక గానీ కిందకి చేరాక గానీ టక్కున కూలబడకండి. ఐదు నిమిషాలు మెల్లగా అటూ ఇటూ తిరగండి, లేకపోతే కాళ్ళల్లోనే రక్తం ఆగి కళ్ళు తిరుగుతాయి.

బ్యాగు కూడా చూసుకోండి. ఛాతీ మీద అడ్డంగా క్లిప్ పెట్టే బ్యాగులు మొదట్లో నేను వేసుకోలేకపోయాను, సరిగ్గా కుట్టు మీదే ఒత్తేది. నడుముకి కట్టుకునేది కొనుక్కున్నా. చేతికర్ర మంచిదే, కానీ దాని మీద బరువు వేసి ఎక్కడం ఎముక పూర్తిగా అతికాకే. బ్యాగులో నీళ్ళు, బిస్కెట్లు, మందుల చీటీ, గుండె నొప్పి వస్తే వేసుకునే సార్బిట్రేట్. ఆ మాత్ర డాక్టర్ రాసిస్తేనే, అదీ కూర్చుని నాలుక కింద పెట్టుకోవాలి, నిలబడి పెట్టుకుంటే బీపీ పడిపోయి మీరూ పడిపోతారు. ఐదు నిమిషాలకి నొప్పి తగ్గకపోతే ఇక ఆలోచించొద్దు, 108. అన్నలకి ఒక మాట, వయాగ్రా లాంటివి వాడేవాళ్ళు ఈ మాత్ర పొరపాటున కూడా వేసుకోవద్దు, రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పోతుంది. సిగ్గుపడకుండా డాక్టర్‌కి చెప్పండి. ఎందుకట్లా కిందకి చూస్తారు, ప్రాణం కన్నా సిగ్గు ఎక్కువా?

ఎండాకాలం మన ఊళ్ళో ఐదున్నరకి మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించాలి, అందులో నీరు పోవడానికి మాత్ర వాడేవాళ్ళు అస్సలు ఎండలో ఉండొద్దు. చలికాలం దానికి రివర్స్. డిసెంబర్‌లో అనంతగిరి వెళ్ళినప్పుడు అందరూ పొగమంచు చూస్తామని ఆరింటికే బయల్దేరారు, నేను దుప్పటి కప్పుకుని తొమ్మిదింటికి లేచా. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, నా ఫ్లైఓవర్లు నాకు ముఖ్యం, మంచు ఫోటోలు వాళ్ళు పంపిస్తారు.

మొక్కు సంగతి కూడా అడిగేస్తారు కాబట్టి నేనే చెప్తాను. ఆపరేషన్ బాగా జరిగితే నడిచి కొండెక్కిస్తానని మా ఆడపడుచు నా తరఫున మొక్కేసింది. నా తరఫున! అలిపిరి 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు అయితే 2,388. గుండె జబ్బు ఉన్నవాళ్ళు కాలినడకన రావద్దని దేవస్థానం వాళ్ళే చెప్తారు. బస్సులో వెళ్ళి దర్శనం చేసుకుని వచ్చా. మొక్కినావిడ నడిచింది, ఆవిడకీ మంచిదే.

ఇక భువనగిరి. పదకొండో నెలలో వెళ్ళాం. మెట్లు బాగానే ఎక్కాను, ఎక్కం విరగలేదు. పైన ఒకచోట మెట్లు పలచబడి రాయి వాలుగా పైకి లేస్తుంది, రెయిలింగ్ పట్టుకుని ఒంటిని లాక్కోవాలి. లాగాను. అప్పుడు తెలిసింది, నేను దమ్ము బిగబట్టేశానని. బరువు ఎత్తినా, ఒళ్ళు లాక్కున్నా మనం తెలీకుండానే ఊపిరి బిగబడతాం, బీపీ ఒక్కసారి ఎగదన్నుతుంది. కళ్ళ ముందు చిన్న చుక్కలు. రెయిలింగ్ ఎండకి వేడెక్కి ఉంది, అరచేతిలో ఆ వేడి, పక్కనే ఒక కుర్రాడు చెప్పులతో చకచకా ఎక్కిపోతూ, రండి ఆంటీ, ఇంకొంచెమే అన్నాడు. పై గోడ కనిపిస్తోంది. నిజంగానే ఇంకొంచెమే. ఏళ్ళ తరబడి పిల్లల్ని ఇదే మాటతో లాక్కెళ్ళింది నేనే కదా, ఇంకొంచెమే రా నాన్నా అని. వాళ్ళల్లో ఎంతమందికి నిజంగా చేతకాలేదో, నేనెప్పుడైనా అడిగానా?

నువ్వెళ్ళు నాన్నా అని చెప్పి వెనక్కి తిరిగాను. కింద టీకొట్టు దగ్గర ఏడుపొచ్చింది, అబద్ధం ఎందుకు. మా వారు ఏమీ అనలేదు, నా టీలో చక్కెర వెయ్యొద్దని మాత్రం కొట్టువాడికి చెప్పారు.

అంతే నేను చెప్పాలనుకుంది. ఏమైనా అడగాలా?

(వెనక నుంచి ఒకాయన: టీచరమ్మా, మరి తర్వాత పైదాకా ఎప్పుడు ఎక్కారు?)

ఇంకా ఎక్కలేదు బాబూ. మూడుసార్లు వెళ్ళాను, మూడుసార్లూ తిరిగొచ్చాను. రెండోసారి ఆ రెయిలింగ్ దాటి ఓ ఇరవై అడుగులు, ఊపిరి వదులుతూ లాక్కోవడం నేర్చుకున్నాక. మూడోసారి మబ్బేసింది, రాయి తడిస్తే జారుతుందని సగంలోనే దిగిపోయాం. డిసెంబర్‌లో నాలుగోసారి.

(ఒకావిడ: మమ్మల్ని కూడా తీసుకెళ్తారా?)

ముందు వచ్చే ఆదివారం మౌలాలి రండి. ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టర్ సరే అన్న కాగితం నాకు చూపించాలి, చూపించకపోతే కింద మా వారి పక్కన కూర్చోబెడతాను. అందరికన్నా మెల్లగా నడిచేవాళ్ళు ముందు నడుస్తారు, వాళ్ళని ఎవరూ దాటకూడదు. సరే, అందరూ ఒకసారి చెప్పండి, పదిహేడు తొమ్మిదులు?

(హాలంతా: నూట యాభై మూడు!)

ఫ్యాన్ కింద కూర్చుని అందరూ చెప్తారు. ఆదివారం యాభయ్యో మెట్టు మీద అడుగుతా.